అలాగే, అంది ఆవిడ

కుర్చీ చేతి మీద ఆరిన పూతను పాలిషాయన గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. తెల్లటి పొడి లేచి మీసాల మీద వాలుతోంది. అతను తుడుచుకోలేదు. మధ్యాహ్నం ఎలాగూ ముఖం కడగాలి. రుద్దడం అయ్యాక, లక్క కలిపిన స్పిరిట్ సీసా మూత తీసి, దూది ఉండకు చుట్టిన నూలు గుడ్డను అందులో ముంచాడు. పిండాడు. కుర్చీ చేతి మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. ఈ పనికి బాగా ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డ కావాలి. ఆ గుడ్డ అతని భార్య కట్టి విడిచిన బట్టలోది. ఆవిడ పోయాక అలాంటి గుడ్డకు లోటు లేకపోయింది.

అది ఫర్నిచర్ షాపు వెనక రేకుల షెడ్డు. కాళ్ళు విరిగినవీ, వీపు ఊడినవీ, మధ్యలో చిల్లు పడినవీ రకరకాల కుర్చీలు గోడ పొడవునా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. విరిగినవి వడ్రంగి అతుకుతాడు. చిల్లు పడినవి అల్లికాయన అల్లుతాడు. చివరికి అన్నీ పాలిషాయన దగ్గరికి వస్తాయి.

అల్లికాయన చోటు కిటికీ పక్కన. వెలుతురుతో ఆయనకు పని లేదు, గాలి కోసం. ఖాళీ చట్రం చుట్టూ వరసగా ఉన్న చిల్లులను వేళ్ళతో తడుముకుంటూ, తడి పేము బద్దను ఒక చిల్లులోంచి పైకి లాగి, ఎదుటి చిల్లులోకి దించి, జారకుండా చెక్క చీల గుచ్చుతాడు. నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఆఖరున ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూల. చేతులకు ఎంత పని ఉంటుందో నోటికీ అంతే.

"ఇవాళ వాసన ఎక్కువగా ఉంది బావా. తాగి వచ్చావా, సీసా ఒలకబోశావా?" అన్నాడు ఆయన.

"పని చూసుకో."

"చూసుకోవడమేగా నాకు చేతకానిది!"

వడ్రంగి సుత్తి ఆపి నవ్వాడు. పాలిషాయన నవ్వలేదు. పొద్దున్నుంచీ అతని మనసు మధ్యాహ్నం మీదే ఉంది. మధ్యాహ్నం పుస్తకం తెరవాలి. తెరిస్తే మళ్ళీ అబద్ధం చదవాలి.

ఆ పుస్తకాలు అతని భార్యవి. ఆవిడ పోయిన కొన్నాళ్ళకు వాటిని గోతంలో వేసి, పాత కాగితాల కొట్టులో ఇచ్చేద్దామని పనికి వస్తూ వెంట తెచ్చాడు. గోతం అల్లికాయన కాలికి తగిలింది.

"ఏంటివి?"

"పాత కాగితాలు."

ఆయన గోతంలో చెయ్యి పెట్టి ఒకటి బయటికి తీశాడు. అట్ట తడిమాడు, పేజీలు బొటనవేలితో జార్చాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చూపు ఉన్న రోజుల్లో ఆయన ఏది దొరికితే అది చదివేవాడట, పొట్లం విప్పితే పొట్లం కాగితంతో సహా. నడి వయసులో చూపు పోయాక అల్లిక నేర్చుకున్నాడు.

"అమ్మేసుకో. ముందు చదివి, తరవాత అమ్ముకో" అన్నాడు.

అలా మొదలైంది. రోజూ భోజనాలయ్యాక పాలిషాయన చదవడం, అల్లికాయన అల్లుకుంటూ వినడం. పాలిషాయన చదువు పల్లెటూరి బడి చదువు. అక్షరాల కింద వేలు పెట్టి కదుపుతూ పైకి చదివితే తప్ప అర్థం కాదు. "రాళ్ళ మీద బండి పోతున్నట్టుంది బావా, నడుము నొప్పి పుడుతోంది" అనేవాడు అల్లికాయన మొదట్లో. రెండో పుస్తకం నాటికి బండి రోడ్డెక్కింది.

ఇంట్లో ఆవిడ చదువుతున్నప్పుడు అతను ఒక్కసారీ అడగలేదు, ఏం చదువుతున్నావని. ఆవిడే చెప్పబోయేది. "విన్నావా, ఇందులో ఒకడుంటాడు..." అని మొదలుపెట్టి, తనలో తను నవ్వుకునేది. "లైటు తీసెయ్" అనేవాడు. తీసేసేది.

ఇప్పుడు చదువుతున్నది ఆవిడ మంచం పక్కన ఆఖరున మిగిలిన పుస్తకం. ఒక నది, ఒక పడవ, దాన్ని నడిపే మొగుడూ పెళ్ళాలు, పైన కొత్తగా లేస్తున్న వంతెన. ఆ పడవావిడకు నోరెక్కువ. పడవెక్కిన ప్రతివాడికీ ఏదో ఒకటి అంటిస్తుంది. వంతెన కొలతలకు వచ్చిన ఇంజనీరును నది మధ్యలో ఆపి, ఇక్కడ దిగి కొలుచుకోమంది. అది విని అల్లికాయన నవ్విన నవ్వుకు చేతిలోని బద్ద జారి, అల్లినదంతా వదులైంది. విప్పి మళ్ళీ అల్లాడు. తిట్టుకోలేదు.

సోమవారం పాలిషాయన ఒక మడత దగ్గరికి వచ్చాడు. ఆసుపత్రికి వెళ్ళే ముందు ఆవిడ పేజీ మూల మడిచి పెట్టిన చోటు అది. అక్కడిదాకా కాగితాలు మెత్తగా, అంచులు ఆవిడ బొటనవేలి చెమటకు రంగు మారి ఉన్నాయి. తరవాతి పేజీలు బిరుసుగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఒక పేజీ విడదీశాడు. పడవావిడకు జ్వరం అని ఉంది. అతని కళ్ళు పేజీ కిందికి పోయాయి. ఊపిరి ఆగింది అని ఉంది. పుస్తకం మూసేశాడు.

"ఇవాళ్టికి చాలు. గొంతు బాలేదు" అన్నాడు.

మంగళవారం ఆ అధ్యాయాన్ని మొత్తంగా వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పేసి, తరవాతిది అందుకున్నాడు. అందులో పడవవాడు ఒంటరిగా ఉన్నాడు. పాలిషాయన ఆవిడను తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు. ఎందుకలా చేశాడో ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేవాడు. ఆవిడ ఆగిన చోట తనూ ఆగిపోదామనిపించిందేమో. ఆగుదామంటే అల్లికాయన ఊరుకోడు. అందుకని లేని మాటలు చదవడం మొదలుపెట్టాడు. బుధవారం, గురువారం, శుక్రవారం అదే పని. ఇవాళ శనివారం.

భోజనాలయ్యాయి. వడ్రంగి రంపం పక్కన పెట్టి, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. అల్లికాయన పేము చుట్టను నీళ్ళ తొట్టిలో దించి, తేలకుండా పైన రాయి పెట్టాడు. నానకపోతే బద్ద విరుగుతుంది. ఎక్కువ నానితే నల్లబడి కుళ్ళుతుంది. ఆయనకు గడియారం అక్కర్లేదు, పాలిషాయన చదివే ఒక అధ్యాయం చాలు.

"కానీ బావా. నీ చదువు అయ్యేసరికి ఇది నానుతుంది. ఈ కుర్చీకి ఐమూల ఒక్కటే మిగిలింది."

పాలిషాయన చేతులు తుడుచుకుని పుస్తకం తెరిచి వేలు పెట్టాడు.

"పడవవాడు ఒడ్డున కూర్చుని గిన్నెలు తోముతున్నాడు. నీళ్ళలో అతని నీడ..."

ఒక్కటే కనిపిస్తోంది, అని ఉంది అక్కడ. ఆ 'ఒక్కటే'ను మింగేశాడు.

"...అతని నీడ కనిపిస్తోంది. వంతెన దాకా వెళ్ళి వస్తానన్నాడు. అలాగే, అంది ఆవిడ."

"ఆగు" అన్నాడు అల్లికాయన. "ఆవిడ ఎక్కడుంది ఇప్పుడు?"

"ఇంట్లో."

"ఇంట్లో ఉంటే గిన్నెలు వీడెందుకు తోముతున్నాడు?"

"తోమకూడదా?"

"నువ్వెప్పుడైనా తోమావా?"

"ఇప్పుడు తోముతున్నాడుగా" అన్నాడు వడ్రంగి తువ్వాలు కిందనుంచి. అనేసి, తను అన్నదేమిటో అప్పుడు అర్థమై, నిద్రపోయినట్టు కదలకుండా పడుకున్నాడు.

అల్లికాయన ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు.

"టోలు వసూలుకొచ్చినవాడిని ఏడిపించిందే, ఇంజనీరు నోరు మూయించిందే, ఆవిడేనా ఈవిడ? మంగళవారం నుంచి వింటున్నాను. తిన్నావా అంటుంది. తలుపు వేయనా అంటుంది. ఏం చెప్పినా అలాగే అంటుంది. ఏం రోగం వచ్చింది ఆ నోటికి?"

"రాసినవాడిని అడుగు."

"రాసినవాడు అలా రాయడు. ఇది నువ్వు చెబుతున్నది. పోయింది కదూ ఆవిడ?"

పాలిషాయన పుస్తకం కేసి చూస్తున్నాడు.

"పోతే పోయిందని చదువు బావా. వింటాను. ఏడుపొస్తే ఏడుస్తాను, నా కళ్ళు ఇంక దానికేగా పనికొచ్చేది. అంతేగాని మనిషిని నోరు కట్టేసి ఇలా ఇంట్లో తిప్పుతావేంటి? సరే, బతికించావు. బతికించినదాన్ని మాట్లాడించొద్దూ? ఆడమనిషి ఏం మాట్లాడుతుందో కూడా తెలియదా? అన్నేళ్ళు కాపురం చేశావు. ఏం విన్నావు మరి?"

పాలిషాయన పుస్తకం మూశాడు.

"కళ్ళు లేనివాడికి చదివి పెట్టడమే ఎక్కువ. దానికి మళ్ళీ వంకలు."

వడ్రంగి తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. అల్లికాయన ముఖం ఉన్నచోటే ఉంది. చేతులు మాత్రం ఒడిలోంచి లేచి, ఎదుట ఉన్న చట్రాన్ని వెతుక్కుని, దాని అంచు పట్టుకున్నాయి.

"అదీ నిజమే" అన్నాడు.

వడ్రంగి వెళ్ళి సుత్తి అందుకున్నాడు. అల్లికాయన ఐమూల మొదలుపెట్టలేదు. ఒక పాత కుర్చీ ముందుకు లాక్కుని, తెగిన అల్లికను కోసి చిల్లుల్లోంచి ముక్కలు పీకుతూ కూర్చున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకిచ్చే పని అది.

పాలిషాయన రెండో పూత వేస్తున్నాడు. గుడ్డ తిరుగుతోంది గాని మనసు అక్కడ లేదు. ఏం విన్నావు మరి? వెతికాడు. భార్య గొంతు కోసం, ఒక్క మాట కోసం, ఇంట్లో గదులన్నీ తిరిగినట్టు తిరిగాడు. తిన్నావా. తలుపు వేయనా. అలాగే. అంతకుమించి దొరకలేదు. పడవావిడ నోట పెట్టినవి తను కల్పించిన మాటలు కావు. భార్య తనతో అన్న మాటలే అవి. తన ముందు ఆవిడకు మిగిలినవి అవే.

మిగతా మాటలు ఆవిడ వేరేవాళ్ళకు ఇచ్చింది. పోయిన రోజున ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గదిలో కూర్చుని ఏడుస్తూ ఏడుస్తూ, ఆవిడ ఎప్పుడో అన్న మాట ఏదో గుర్తు చేసుకుని నవ్వారు. ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి అందుకున్నారు. "అంత నవ్వించే మనిషి ఇంక దొరకదు" అంది పక్కింటావిడ. గుమ్మం బయట బల్ల మీద కూర్చుని అతను ఆ మాట విన్నాడు. ఎవరో తెలియని మనిషి గురించి విన్నట్టు విన్నాడు. లేచి లోపలికి వెళ్ళి, ఏమనేది అని అడగలేదు.

చూసుకునేసరికి చెయ్యి ఆగిపోయి ఉంది. దూది ఉండ పూత మీద ఒక్క క్షణం నిలిస్తే చాలు, అంటుకుపోతుంది. లాగితే కింద పూత కూడా లేచి వచ్చింది. కుర్చీ చేతి మీద కాలినట్టు మచ్చ. ఇలాంటి తప్పు అతను పని నేర్చుకునే రోజుల్లో చేసేవాడు. మళ్ళీ గరుకు కాగితం తీశాడు. మళ్ళీ మొదటి నుంచి.

పని ముగించే వేళకు అల్లికాయన కూతురు గేటు దగ్గర నిలబడుతుంది. బట్టల కొట్టులో పని చేస్తుంది ఆమె, ఇంటికి పోతూ తండ్రిని తీసుకుపోతుంది. కిటికీ దగ్గర నుంచి గేటు దాకా కుర్చీల మధ్య దారి రోజుకో రకంగా ఉంటుంది. అందుకని రోజూ పాలిషాయన వెళ్ళి ఎదురుగా నిలబడతాడు, అల్లికాయన అతని భుజం మీద చెయ్యి వేస్తాడు, ఇద్దరూ గేటు దాకా నడుస్తారు. రమ్మనడం, పదమనడం ఏమీ ఉండవు.

ఇవాళ పాలిషాయన కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. లక్క మరక నీళ్ళకు పోదు. అయినా కడిగాడు. అల్లికాయన లేచి నిలబడి, చెయ్యి కొంచెం ముందుకు చాచి, కాసేపు అలాగే ఉన్నాడు. ఆ చెయ్యి పాలిషాయనకు కనిపిస్తూనే ఉంది. చివరికి వడ్రంగి వెళ్ళి భుజం ఇచ్చాడు.

గుమ్మం దగ్గర అల్లికాయన కుళాయి చప్పుడు వస్తున్న వైపు తిరిగాడు.

"సోమవారం అసలుది చదువు బావా. ఆ వంకరటింకర బండే నాకు అలవాటైంది."

పాలిషాయన కుళాయి ఇంకొంచెం తిప్పాడు.

ఆదివారం ఇంట్లో మంచం మీద కూర్చుని అతను మడత విప్పాడు. అంటుకున్న పేజీలను గోటితో విడదీశాడు. వేలు పెట్టి, ఖాళీ గదిలో పైకే చదివాడు. చిన్న అధ్యాయం. తను అనుకున్నట్టు ఏమీ లేదు అందులో. పడవావిడ జ్వరంలో కూడా మాట్లాడుతూనే ఉంది. పడవకు తారు పూయలేదని, తెడ్డు పగిలిందని, చిన్నప్పుడెప్పుడో చూసిన వరద గురించి, ఇంజనీరు చెవుల గురించి. మొగుడు పక్కన కూర్చుని విన్నాడు. ఊపిరి ఆగేదాకా ఆవిడ మాట్లాడింది, అతను విన్నాడు. అంతే ఉంది.

ఆసుపత్రిలో అతని భార్యా ఏదో చెప్పబోయింది. "మాట్లాడకు, పడుకో" అన్నాడు. ఆవిడ మంచికే అన్నాననుకున్నాడు.

ఆ అధ్యాయాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఎక్కడెక్కడ బండి తట్టుకుంటుందో అక్కడ ఆగి, ఆ మాటను నోటికి అలవాటు చేసుకున్నాడు. సోమవారం తడబడకూడదు.

సోమవారం అందరికంటే ముందు షెడ్డుకు వచ్చాడు. కిటికీ నుంచి గేటు దాకా అడ్డంగా ఉన్న కుర్చీలు జరిపి దారి చేశాడు. కిటికీ పక్కన ఊడ్చాడు. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నం దాకా ఆగనక్కర్లేదు, ఇవాళ పొద్దున్నే చదివేద్దామనుకున్నాడు. ముందు ఇంకో మాట అనాలి. అది ఏ పుస్తకంలోనూ లేదు కనుక ఎలా అనాలో తెలియలేదు.

గేటు చప్పుడైంది. కూతురు ఒక్కతే వచ్చింది. పాలిషాయన చేసిన దారి వెంట నేరుగా, దేనికీ తగలకుండా లోపలికి వచ్చింది.

"నాన్న నిన్న పొద్దున లేవలేదు మామయ్యా" అంది. "నిద్రలోనే."

"నిన్న పొద్దునా?"

"సాయంత్రానికి అంతా అయిపోయింది. మీకు చెబుదామంటే ఇల్లెక్కడో తెలియదు. నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు."

చెప్పడానికి ఆయనకూ తెలియదు. ఒకసారి అడిగాడు, మీ ఇంటికి రమ్మనవా బావా అని. "ఏముంది అక్కడ" అన్నాడు పాలిషాయన. మళ్ళీ అడగలేదు.

ఆమె కిటికీ దగ్గర వంగి తండ్రి వస్తువులు తీసుకుంది. చెక్క చీలల డబ్బా. పిడి అరిగిన చాకు. ఇనుప సూది. లేస్తూ బల్ల మీద పుస్తకం చూసింది.

"ఇదేనా పడవావిడ పుస్తకం?"

"నీకెలా తెలుసు?"

"రోజూ రాత్రి అన్నం దగ్గర చెప్పేవాడుగా. మీరు ఎంతవరకు చదివితే అంతవరకు. పోయిన వారమైతే ఎంత నవ్వించాడో." ఆమె డబ్బాను పొట్టకు ఆనించుకుంది. "వంతెన అయిపోతోంది, పడవ అమ్మేద్దామంటాడు కదా మొగుడు? అప్పుడు ఆవిడ అంటుందే..."

పాలిషాయనకు ఆ చోటు బాగా గుర్తుంది. బుధవారం చదివాడు. పడవ అమ్మేద్దామన్నాడు. అలాగే, అంది ఆవిడ.

అతను ఒక కుర్చీ లాగి, మీద ఉన్న పొడి అరచేత్తో తుడిచాడు.

"కూర్చో" అన్నాడు. "ఏమంది?"

"'అమ్మెయ్. ముందు పడవ అమ్ము, తరవాత తెడ్లు అమ్ము, ఆఖరికి నన్నూ అమ్ము. కొన్నవాడు వారం తిరక్కుండా మూడూ తెచ్చి నీ గుమ్మంలో దించి, పడవా తెడ్లూ బానే ఉన్నాయి గాని దీన్ని మాత్రం ఎలా భరించావయ్యా అని నీ కాళ్ళకు దణ్ణం పెట్టి పోతాడు' అందట." ఆమె నవ్వింది. నవ్వు సగంలో చేత్తో నోరు మూసుకుంది. కాసేపటికి చెయ్యి తీసింది.

మంగళవారానిది చెప్పింది. గురువారానిది చెప్పింది. పాలిషాయన 'తిన్నావా' అని చదివిన చోట ఆవిడ ఏమందో, 'తలుపు వేయనా' అని చదివిన చోట ఎలా దులిపేసిందో, అన్నీ చెప్పింది. వడ్రంగి ఎప్పుడొచ్చాడో, సుత్తి పట్టుకుని దూరంగా నిలబడిపోయాడు. పాలిషాయన విన్నాడు. ఒక్కచోటా అడ్డు రాలేదు.

"శనివారం మాత్రం ఏమీ చెప్పలేదు మామయ్యా. ఇవాళ మామయ్య గొంతు బాలేదు, సోమవారం చదువుతాడు అన్నాడు." ఆమె లేచింది. "చివరికి ఏమవుతుంది ఆవిడ?"

పాలిషాయన పుస్తకం మీద చెయ్యి వేశాడు. నిన్న నోటికి అలవాటు చేసుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు.

"పోతుంది" అన్నాడు.

"ఎలా?"

"మాట్లాడుతూనే."

ఆమె తల ఊపింది. అదే అయి ఉంటుందని తెలిసినట్టు ఊపింది. డబ్బా చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే గేటు దాటి వెళ్ళిపోయింది. పుస్తకం తీసుకెళ్ళమని ఆమెతో అనలేదన్న సంగతి ఆమె వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

అతను వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాడు. అల్లిక పూర్తికాని కుర్చీ గోడకు ఆనించి ఉంది. నిలువులు, అడ్డాలు బిగువుగా ఉన్నాయి. ఐమూల లేదు. మధ్యలో చతురస్రపు కంతల్లోంచి నేల కనిపిస్తోంది. దాని పక్కన నీళ్ళ తొట్టి. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. అడుగున, రాయి కింద, శనివారం మధ్యాహ్నం వేసిన పేము చుట్ట నల్లబడి ఇంకా నానుతూనే ఉంది.